జీపు పళ్లు లెక్కపెట్టారా?

బండి మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని సైనిక్‌పురి. నాన్నగారు ఆర్మీలో రిటైరయ్యాక కొన్న మహీంద్రా ఎంఎం540 జీపు, 1989 మోడల్, ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజిన్ ఎప్పుడో మార్చి ఎండీఐ డీజిల్ పెట్టించారు, ఆర్‌సీలో కూడా ఎక్కించారు. నాలుగు గేర్లు. తాండూరు దగ్గర మా పొలానికి ఇందులోనే వెళ్తుంటాను. అక్కడంతా నల్లరేగడి. రింగ్ రోడ్డు మీద 80కి వస్తే ఇంజిన్ గగ్గోలు పెడుతుంది, వానాకాలం పొలం దారిలో దిగబడుతుంది. 31 అంగుళాల టైర్లు వేయమని ఒకరు, డిఫ్‌లో (ఇరుసు మధ్యన ఉండే డిఫరెన్షియల్‌లో) పళ్లు మార్చి 4.27 పెట్టుకోమని ఇంకొకరు, ముందూ వెనకా లాకర్లు (ఇరుసుకున్న రెండు చక్రాలనీ కలిపి తిప్పేవి) లేని ఫోర్ వీల్ దండగని మూడో ఆయన. అన్నిటికీ డబ్బు లేదు. ఏది ముందు చేయించాలి?

జవాబు: అమ్మా, మీకు సలహా ఇచ్చిన ముగ్గురిలో ఒక్కరైనా ఇప్పుడు మీ డిఫ్‌లో ఎంత రేషియో ఉందో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ వైపు షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో, అడిగారా? అడిగి ఉంటే మీ ఉత్తరంలో ఆ అంకె కూడా ఉండేది. మన పాత జీపుల్లో 5.38, 4.88, 4.27 మూడూ కనిపిస్తాయి. యుద్ధకాలం నాటి విల్లీస్ జీపుది 4.88. ఆ తర్వాత వచ్చిన సీజే-3బీది 5.38, మహీంద్రా లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారు చేసింది దాన్నే. పైగా ముప్ఫై ఏళ్లు దాటిన బండి. మధ్యలో ఎవరు ఏ యాక్సిల్ తెచ్చి బిగించారో ఆర్‌సీ చూస్తే తెలియదు. కాబట్టి పైసా ఖర్చు పెట్టకముందు ఇంటి దగ్గరే ఈ పని చేయండి.

బండిని చదునైన చోట ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి, టూ వీల్‌లోనే ఉంచండి. ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టండి. వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, యాక్సిల్ కింద స్టాండు పెట్టండి. రెండో చక్రం నేల మీదే ఉండాలి, దానికీ రాయి పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ దించేయండి. మన పాత జీపుల్లో చాలావాటికి హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు (ఫోర్ వీల్, లో గేరు వేసే పెట్టె) వెనక, డిఫ్‌కి బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మీదే ఉంటుంది. అది పట్టి ఉంటే ఏదీ తిరగదు. టైరు మీద, ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీసి, లేపిన చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఒక చక్రం కదలకుండా ఉంటే, రెండోది రెండు చుట్లు తిరిగినప్పుడు లోపలి క్రౌన్ (డిఫ్‌లోని పెద్ద పళ్ల చక్రం) ఒక చుట్టు తిరుగుతుంది. ఆలోగా షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో చూస్తే అదే మీ రేషియో. ఐదు చుట్లు దాటి ఇంకో మూడోవంతుకు పైగా తిరిగితే 5.38. ఐదుకి కొంచెం తక్కువైతే 4.88. నాలుగూ పావు అయితే 4.27. తర్వాత ముందు యాక్సిల్‌కీ ఇలాగే చూడండి. అక్కడ హబ్ లాకులుంటే (చక్రాన్ని షాఫ్టుకి కలిపేవి) బిగించాలి, ఈసారి రాళ్లు వెనక చక్రాలకి. రెండు లెక్కలూ ఒకటే రావాలి. రాకపోతే ఇక్కడితో ఈ జవాబు చదవడం ఆపి ముందు ఆ సంగతి చూడండి. ముందొకటి, వెనకొకటి ఉన్న బండిని గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో నడిపితే ట్రాన్స్‌ఫర్ కేసు మెలితిరిగినట్టు బిగుసుకుపోతుంది. లీవరు బయటికి రాదు, చివరికి ఏదో ఒకటి విరుగుతుంది.

మీ బాధ చూస్తే 5.38 అనే నా అనుమానం. అదే అనుకుని లెక్క చెబుతాను. 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1,000 మీటర్లు. 29 అంగుళాల టైరు ఒక చుట్టుకి సుమారు 2.31 మీటర్లు పోతుంది, అంటే 60 మీద చక్రం నిమిషానికి 432 చుట్లు. మీ టాప్ గేరు డైరెక్టు, అంటే ఇంజిన్, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి, కాబట్టి దీన్ని 5.38తో గుణిస్తే ఇంజిన్ తిరిగేది 2,325. 80 మీద అదే 3,100 అవుతుంది. ఆ పాత డీజిల్‌కి ఇది దాదాపు చివరి అంచు, గగ్గోలు పెట్టక ఏం చేస్తుంది! 4.27 పెడితే 80 మీద 2,460కి దిగుతుంది. చెవులకి హాయే. కానీ అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ హాయికి బాకీ తీర్చాలి. మొదటి గేరు 4, ట్రాన్స్‌ఫర్ కేసు లో 2.46 అనుకోండి. 5.38తో మొత్తం 53 వస్తుంది, 4.27తో 42. ఐడిలింగ్‌లో 750 దగ్గర క్లచ్ వదిలేస్తే మొదటిది గంటకి 2 కిలోమీటర్ల వేగంతో పాకుతుంది, రెండోది 2.5తో. అర కిలోమీటరే కదా అనిపిస్తుంది. రాళ్ల దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టకుండా దిగగలిగేది ఆ అరతోనే.

ఇక టైరు సంగతి. 31 అంగుళాల టైరు వేశారంటే డిఫ్ ముట్టకుండానే రేషియో మారినట్టు. 5.38ని 29తో గుణించి 31తో భాగించండి, 5.03 వస్తుంది. అంటే టైరు ఒక్కటే మిమ్మల్ని 4.88 దరిదాపులకి తీసుకెళ్తుంది. 80 మీద 2,900, 65 మీద 2,350. అదే 31 అంగుళాల టైరుకి 4.27 కూడా కలిపారంటే 3.99 అయినట్టు. చిన్న ఎత్తు వచ్చినా మూడో గేరే. ఆ ఇద్దరి సలహాలూ ఒకేసారి పాటించారా, జీపు కాస్తా రింగ్ రోడ్డుకి తప్ప ఎందుకూ పనికిరాదు.

కానీ 31కి వేరే ఖర్చులున్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు స్ప్రింగుకి తగులుతుందేమో చూడాలి. పెద్ద టైరుని ఆపడానికి బ్రేకు ఎక్కువ పట్టాలి, మీవి డ్రమ్ములు. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, 75 అని చూపినప్పుడు మీరు 80 మీద ఉంటారు. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్‌కి వెళ్లాలి, అక్కడ కంపెనీ కొలతలకి మించిన టైరుని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మార్పుగా చూస్తారు. నన్నడిగితే 235/75 ఆర్15, అదీ 29 అంగుళాలే, మంచి పళ్లున్నది వేయించుకోండి. రింగ్ రోడ్డు మీద ఎడమ వైపు 65లో వెళ్లండి. 158 కిలోమీటర్ల రోడ్డులో మీకు కావలసింది అందులో ఒక ముక్క. ఆ ముక్కలో పదిహేను కిలోమీటర్ల వేగం పెంచుకోవడానికి రెండు యాక్సిళ్లు విప్పడం నాకు నచ్చదు. వేగమే కావాలంటే డిఫ్ జోలికి పోకుండా ఐదో గేరు ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్సు చూడండి. అది 0.8 దగ్గరుంటే 3,100 కాస్తా 2,500 అవుతుంది, లో గేరు బలం చెక్కుచెదరదు. గేర్‌బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టులు కూడా కోయించాలి, ఆ ఖర్చు కూడా అడగండి.

ఇప్పుడు మూడో ఆయన లాకర్లు. లోపం తెలియాలంటే ముందు డిఫ్ చేసే మంచి తెలియాలి. కళ్లంలో బంతి తొక్కే ఎడ్లని చూసే ఉంటారు. గుంజ దగ్గరిది చిన్న అడుగులేస్తుంది, బయటిది అదే సమయంలో చాలా దూరం నడుస్తుంది. మలుపులో రెండు చక్రాలదీ అదే పరిస్థితి, ఆ తేడాని సర్దడానికే లోపల స్టార్ గేర్లున్నాయి. అయితే సాదా డిఫ్ రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానమైన బలమే ఇస్తుంది. ఒకటి బురదలో తేలిగ్గా తిరిగిపోతుంటే దానికి ఎంత తక్కువ బలం చాలుతుందో, గట్టి నేల మీదున్న రెండో దానికీ అంతే అందుతుంది. అందుకే బండి కదలదు. లాకర్ ఆ స్టార్ గేర్లని కట్టేసి రెండు చక్రాలనీ ఒకే ఇరుసులా తిప్పుతుంది.

ఇది పనికొచ్చేది ఒక చక్రానికి పట్టున్నప్పుడు. మన చుట్టుపక్కల పరుపుబండలు, గుండ్ల మధ్య ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు లాకర్‌ని మించింది లేదు. కాలవ గట్టుకి అడ్డంగా ఎక్కేటప్పుడూ అంతే. మీ రేగడి వేరు. తడిసిన రేగడి టైరు పళ్ల సందుల్లో నిండిపోయి టైరు నున్నటి రోలరు అవుతుంది. నాలుగింటికీ పట్టు పోయాక లాకర్ చేసేదేమిటంటే, ఒక చక్రం బదులు రెంటితో గుంట తవ్వడం. డిఫ్ బొడ్డు నేలకి ఆనేదాకా తవ్వుతుంది. పక్కకి వాలిన దారిలో ఇంకా ప్రమాదం. సాదా డిఫ్‌లో ఒక చక్రం తిరుగుతున్నా రెండోది వెనక భాగాన్ని పట్టుకుని ఉంటుంది. లాక్ చేస్తే రెండూ ఒకేసారి జారి బండి తోక పల్లానికి వెళ్తుంది. పొలం దారి పక్కన కాలవ ఉందంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

అందుకని మీకు ముందు కావలసినవి పళ్లు లోతుగా ఉన్న టైరు, చిన్న కంప్రెసరు, గాలి మీటరు. రేగడిలో దిగేముందు గాలి 18 పీఎస్ఐకి దించండి, తారు రోడ్డు ఎక్కగానే నింపండి. ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే ఎడమ కాలితో ఫుట్‌బ్రేకు కొంచెం తొక్కుతూ కుడి కాలితో యాక్సిలరేటర్ ఇవ్వండి. తిరిగే చక్రానికి బ్రేకు అడ్డం పడితే, ఆ మేరకు రెండో దానికీ బలం అందుతుంది. వేరే బండ్లలో ఇదే పని హ్యాండ్‌బ్రేకుతో చేస్తారు, మీ బండిలో కుదరదు. పైన చెప్పినట్టు అది షాఫ్టునే పట్టేస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు, సరదా రెండూ మిగిలితే వెనక యాక్సిల్‌కి ఒక్క లాకర్ పెట్టించుకోండి. ముందు వద్దు. ముందు లాక్ చేస్తే స్టీరింగ్ తిరగదు, తిప్పితే అక్కడి జాయింట్లు, షాఫ్టులు విరుగుతాయి. పాత యాక్సిల్‌కి ఆ బరువు మోపకూడదు. వెనకది కూడా మీటతో వేసి తీసే రకమైతే మేలు. ఏఆర్‌బీ వాళ్లది గాలితో, ఈటన్ ఈ-లాకర్ కరెంటుతో పనిచేస్తాయి. ఫోర్స్ గుర్ఖాలో ముందూ వెనకా లీవర్లతో కంపెనీ నుంచే వస్తాయి. 2015 థార్‌లో ఐచ్ఛికంగా ఇచ్చిన ఈటన్ మెకానికల్ లాకర్ వేరు. రెండు చక్రాల మధ్య సుమారు 100 చుట్ల తేడా రాగానే అదే టక్కుమని పట్టుకుంటుంది, 32 కిలోమీటర్ల వేగం దాటాక పట్టదు. దానికి మీట లేదు, కాబట్టి చక్రం తిరుగుతోందని భయపడి కాలు తీసేయకుండా స్థిరంగా ఉంచాలి. దాన్ని విప్పి తెచ్చి మీ జీపుకి వేస్తామని ఎవరన్నా అంటే, క్రౌన్ బోల్టుల కొలత, బేరింగ్ సైజు, షాఫ్టు స్ప్లైన్ల (చివర ఉండే గాళ్ల) లెక్క మూడూ కాగితం మీద రాసి ఇమ్మనండి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

చవకైనది ఇంకొకటుంది. మీ పాత డిఫ్ కేసులోనే (క్రౌన్ బిగించే పెంకులోనే) స్టార్ గేర్లు తీసి ఆ స్థానంలో కూర్చోబెట్టేది. క్రౌన్, పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు), షిమ్ముల (సందు సరిచేసే పల్చటి రేకుల) సెట్టింగ్ కదలదు, అది దానిలో ఉన్న పెద్ద మంచి. కానీ అది ఎప్పుడూ లాక్ అయ్యే ఉండి, మలుపులో మాత్రం వదులుతుంది. ఈసీఐఎల్ చౌరస్తాలో మలుపు తిరుగుతుంటే కింద టకటకమంటుంది. పొట్టి బండి కాబట్టి యాక్సిలరేటర్ వదిలిన ప్రతిసారీ పక్కకి లాగుతుంది, వానలో మరీను. నాకైతే ఇష్టం లేదు.

లాకర్ కన్నా ముందు ఇంకోటి చూడాలి. మీ వెనక చక్రం మధ్యలో బోల్టులతో బిగించిన ఫ్లాంజ్ పొడుచుకొచ్చి కనిపిస్తే ఫుల్ ఫ్లోటింగ్. షాఫ్టు విరిగినా చక్రం నిలుస్తుంది. అలా కాకుండా మధ్యలో ఒక్క పెద్ద నట్టే ఉంటే బండి బరువు కూడా షాఫ్టు మీదే. అది విరిగితే చక్రం ఊడి మీకన్నా ముందు వెళ్తుంది. లాకర్‌తో మొత్తం బలం ఒక్క షాఫ్టు మీద పడే సందర్భాలొస్తాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

నా మాట కాదని రేషియోనే మార్చాలనుకుంటే, లాకర్ కూడా అప్పుడే వేయించండి. ఒకసారి విప్పి సెట్ చేసే కూలితోనే రెండూ అయిపోతాయి. రాణిగంజ్‌లో కొన్నా, ఆటోనగర్ పాత సామానులో ఏరినా, క్రౌన్ మీద, పినియన్ చివర చెక్కిన జత నంబరు ఒకటేనా చూడండి. ఆ రెంటినీ ఫ్యాక్టరీలో కలిపి అరగదీస్తారు, ఒకదాని జోడు ఇంకోదానికి పనికిరాదు. డేనా 44 తరహా డిఫ్‌లో 3.73 వరకు ఒక కేసు, 3.92 నుంచి పైకి ఇంకో కేసు. మీ మూడు అంకెలూ పై గుంపులోనివే, ఆ గొడవ మీకు లేదు.

మెకానిక్ ఎంత మంచివాడో పచ్చ పేస్టు చెబుతుంది. క్రౌన్ పళ్లలో నాలుగైదింటికి బ్రష్షుతో పేస్టు పూసి, చేత్తో కొంచెం బరువు ఆపుతూ రెండు వైపులా తిప్పుతాడు. పినియన్ పన్ను రాసుకున్న చోట పేస్టు చెదిరి లోహం మెరుస్తుంది. ఆ మెరుపు పన్ను ఎత్తులో మధ్యన ఉండాలి. మొదట్లోకి దిగితే పినియన్ లోతెక్కువైంది, కొనకి ఎక్కితే లోతు చాలలేదు. షిమ్ము మార్చి మళ్లీ పూయాలి, మళ్లీ తిప్పాలి. డయల్ గేజి పెట్టి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య వచ్చిందా చూడాలి. ఇందులో సగం రోజు పోతుంది. పేస్టు డబ్బా, డయల్ గేజి లేకుండా వేలితో ఊపి చూసి "సరిపోయిందమ్మా" అనే షెడ్డు నుంచి మర్యాదగా బండి తెచ్చేసుకోండి.

ప్రశ్న: మియాపూర్ నుంచి రాస్తున్నాను సార్. మారుతీ సుజుకి జిప్సీ కింగ్‌కి 205/70 ఆర్15 టైర్లు తీసి 235/75 ఆర్15 వేశాను. అప్పటి నుంచి ఫ్లైఓవర్ ఎక్కాలంటే గేరు దించాల్సిందే. డిఫ్ గేర్లు మార్చాలా?

జవాబు: పాత టైరు 668 మిల్లీమీటర్లు, కొత్తది 733. పదింట ఒక వంతు పెరిగింది, అంత లాగుడు తగ్గింది. మీ డిఫ్ 3.73 అయితే, పాత లీటరు బండి ఎస్‌జే410 తరహా 4.11 పెడితే లెక్క దాదాపు యథాతథం. జిప్సీలో డిఫ్ మొత్తం ఒక ముద్దగా హౌసింగ్ నుంచి బయటికొస్తుంది కాబట్టి సెట్ చేసి ఉన్నదే దొరికితే మార్చడం తేలిక. షాఫ్టు స్ప్లైన్లు కలవాలి, ముందూ వెనకా రెండూ మార్చాలి.

కానీ మీకు ఇంకో దారుంది, జీపు వాళ్లకి లేనిది. ఈ సుజుకిల్లో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అంటుకుని ఉండదు, విడిగా ఉంటుంది. హైలో కూడా తగ్గింపు ఉంటుంది. ఎస్‌జే410లో హై 1.58, లో 2.51. ఎస్‌జే413లో హై 1.41, లో 2.27. మీది రెండో తరహా అయితే, మొదటి తరహా కేసు ఒక్కటి మార్చితే హైలో 12 శాతం, లోలో 11 శాతం లాగుడు పెరుగుతుంది. రెండు డిఫ్‌లూ ముట్టక్కర్లేదు, ముందూ వెనకా సరిపోయిందా లేదా అన్న టెన్షన్ లేదు. ఫ్లాంజ్ బోల్టుల దూరం కలుస్తుందో లేదో మాత్రం కొనకముందే కొలవండి. లేదా పాత టైర్లు మళ్లీ వేసేయండి, అవి ఇంకా అమ్మకపోతే.

ప్రశ్న: బోడుప్పల్ వాసిని. స్టార్ గేర్లని వెల్డింగ్ చేస్తే ఫ్రీగా లాకర్ అయిపోతుందని మా ఫ్రెండ్ అంటున్నాడు. రోజూ ఆఫీసుకి కూడా అదే బండి. చేయించనా?

జవాబు: వద్దు. మలుపులో ఒక టైరు ఈడ్చుకుంటూ వస్తుంది, టైర్లు తొందరగా అరుగుతాయి, షాఫ్టులు మెలిపడతాయి, వానలో బండి తిన్నగా పోతానంటుంది. వెల్డు ముక్క ఊడి క్రౌన్ పళ్ల మధ్య పడితే హౌసింగే పోతుంది. ఉన్న డిఫ్‌లో నూనె ఎప్పుడు మార్చారో గుర్తుందా? ముందు అది చూడండి. ఈపీ 80డబ్ల్యు-90, జీఎల్-5 పోయించండి. గేర్‌బాక్సుకి మాత్రం అది పోయనివ్వకండి, పాత బాక్సుల్లో ఇత్తడి రింగుల్ని తినేస్తుంది, అక్కడ జీఎల్-4. కొత్త క్రౌన్, పినియన్ వేయించిన వాళ్లు మొదటిసారి ఇరవై కిలోమీటర్లు మెల్లగా నడిపి, బండి ఆపి చల్లారనివ్వండి. 800 కిలోమీటర్లకి ఆ నూనె పారబోసి కొత్తది పోయించండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నటి నల్ల పొడి అంటితే మామూలే. గోటితో పట్టుకోగలిగేంత ముక్క వస్తే బండిని షెడ్డుకి తోసుకెళ్లండి, నడపకండి.